కదిరిలో దాన్ని పరంగి అంటారు

హరిత సీతాఫలం రాసింది, సపోటా రాసింది, అనాస రాసింది, జామ గురించి అవసరానికి మించే రాసింది. బొప్పాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏదో ఒక పని గుర్తొచ్చి లేచిపోయేది. కాఫీ మిషన్ దగ్గర నిలబడేది, లేకపోతే కిటికీలోంచి కింద రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతున్న జనాన్ని చూసేది. తిరిగొచ్చి ఆ ఒక్క పండును దాటేసి పుచ్చకాయ మొదలుపెట్టేది.

ఆమె చేసే ఉద్యోగం నలుగురికీ చెప్పుకోవడానికి కొంచెం చిత్రంగానే ఉంటుంది. ఫోనులో నోటితో చెబితే సరుకులు ఇంటికి తెచ్చిపెట్టే కంపెనీ అది. చిత్తూరు మనిషి చెప్పినా శ్రీకాకుళం మనిషి చెప్పినా యంత్రానికి అర్థం కావాలంటే, ఏ సరుకును ఏ జిల్లాలో ఏమంటారో ఎవరో ఒకరు కూర్చుని దానికి నేర్పాలి. ఆ ఎవరో ఒకరు హరిత. పేర్లన్నీ ఎక్కించాక, ఆ పేరు ఎక్కడ పుట్టి మన నోటికి ఎలా చేరిందో నాలుగు ముక్కల్లో ఒక చిన్న కథ కూడా రాయాలి. కొనేవాళ్ళు చదివి ముచ్చటపడి ఇంకో అరకిలో ఎక్కువ కొంటారని కంపెనీ ఆశ. తెలుగు ఎమ్మే చదివినవాళ్ళకు ఏసీ గదిలో ఇంతకంటే గౌరవమైన పని ఈ ఊళ్ళో దొరకదు, ఆ సంగతి హరితకు బాగా తెలుసు.

మాటల పిచ్చి ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. కదిరిలో ఓబులేసు ఆర్టీసీ కండక్టరు. బస్సులో విన్న కొత్త మాటల్ని జేబులో చిల్లరతో పాటు ఇంటికి తెచ్చేవాడు. "ఈ పొద్దు బస్సులో గుంటూరాయన ఒకాయన ఎక్కినాడు పాపా, పరంగిపండును బొప్పాయి అంటాండాడు" అని అన్నం ముందు కూర్చుని నవ్వేవాడు. భార్య ఈశ్వరమ్మకు ఇవన్నీ పట్టేవి కావు. "ఏమంటే ఏంలే, తింటే సరిపాయె" అనేది. ఓబులేసు పోయినప్పుడు హరిత అనంతపురంలో ఎమ్మే చదువుతోంది. చదువైపోయాక లెక్చరర్ పోస్టుల కోసం చూసి చూసి, విసుగెత్తి హైదరాబాదు బస్సెక్కింది. మాదాపూర్ హాస్టల్లో ఉంటూ దొరికిన రాతపనల్లా చేసింది. ఆ ఆఫీసుల్లో ఒకదానిలోనే ఉదయ్ భాస్కర్ పరిచయమయ్యాడు. తెనాలి వాళ్ళు, నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించడు. ఆ నొప్పించకపోవడమే చూసి ఆమె ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అది కూడా ఒక జబ్బేనని తెలియడానికి చాలా కాలం పట్టింది.

పరంగి అన్న మాట గురించి హరిత దగ్గర ఎంత సరంజామా ఉందో చెబితే ఆఫీసులో ఎవరూ నమ్మరు. ఎక్కడో ఐరోపాలో ఫ్రాంకులని ఒక జాతి. అరబ్బులు ఆ పేరుతోనే పడమటి తెల్లవాళ్ళందరినీ పిలిచారు. పారసీకుల నోట నలిగి అది మన దాకా వచ్చింది. తెల్లవాడు పరంగి అయ్యాడు. తెల్లవాడు కోటగోడల మీదికి గురిపెట్టిన గొట్టం ఫిరంగి అయింది. వాడి ఓడలతో పాటు రేవులో దిగిన పాడురోగం ఫిరంగి రోగం. ఆ రోగానికి వైద్యులు అరగదీసి పట్టిన వేరు ఫిరంగి చెక్క. వాడు సముద్రాల అవతల నుంచి తెచ్చి ఇక్కడ నాటిన చెట్టు కాయ పరంగికాయ. ఆయుధానికీ రోగానికీ మందుకీ పండుకీ అన్నిటికీ కలిపి ఒకటే పేరు. పాపం ఆ పండు చేసిందేమిటి? ఎవడో తెచ్చాడు, వచ్చింది.

కోస్తావాళ్ళ బొప్పాయి కూడా ఇక్కడ పుట్టిన మాటేమీ కాదు. అదీ సముద్రం దాటినదే. ఆ చెట్టు పుట్టిన పక్క దీవుల్లోని ఆదివాసులు పెట్టుకున్న పేరు స్పెయిన్ వాళ్ళ నాలుక మీద పపాయా అయి, మన రేవుల్లో బొప్పాయి అయింది. తెలంగాణ పల్లెల్లో పొప్పడి, కొన్నిచోట్ల బొప్పాస, మదీనాగూడ రోడ్డు మీద బండివాడి కేకలో పపీతా. పాత నిఘంటువు తెరిస్తే మదనానప. పాత పండితులకు అది చెట్టుకు కాసిన ఆనపకాయలా కనిపించిందేమో మరి.

ఇవన్నీ హరితకు నోటికి వచ్చు. వేళ్ళకే రావడం లేదు, ఎందుకంటే తెల్లాపూర్‌లో ఆమె ఉండే ఇంట్లో ఆ పండు పేరుకు ఇంకో అర్థం ఉంది.

రెండేళ్ళ కిందట హరితకు నెల తప్పింది. వేవిళ్ళు మరీ ఎక్కువగా ఉండి మంచినీళ్ళు కూడా నిలవకపోతుంటే ఈశ్వరమ్మ కదిరి నుంచి వచ్చింది. అత్తగారు పుణ్యవతి కూడా ఆదరంగానే చూసింది. వియ్యపురాళ్ళిద్దరూ వంటింట్లో చెరో పక్క కూర్చుని మీ వైపు ఇలా, మా వైపు అలా అని పులుసుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. పుణ్యవతి తెనాలి నుంచి తెచ్చుకున్న కత్తిపీటను ఈశ్వరమ్మ ఈలపీట అంటుంటే, "మీ భాష ఏమిటో వదినగారూ, పాటలాగా ఉంటుందండి" అని నవ్వేది. చెడ్డ మనిషయితే ఈ కథలో ఇంత చిక్కు ఉండేది కాదు.

ఈశ్వరమ్మకు ఊరు మారితే కడుపు బిగపట్టేస్తుంది. ఒకరోజు గేటు బయట బండి మీద పరంగిపండు కనిపిస్తే కొనుక్కొచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల ఉన్న ఇంట్లో ఆ పండు తగదని ఆమెకూ తెలుసు. కదిరిలోనూ తెనాలిలోనూ ఆ విషయంలో మాత్రం భేదం లేదు. అందుకే కూతురు నిద్రపోతున్నప్పుడు పెరటి బాల్కనీలో కూర్చుని ఈలపీట మీద కోసుకుని సగం తిని, మిగిలిన సగాన్ని కవరులో చుట్టి ఫ్రిజ్‌లో అడుగున పెట్టింది. హరిత ఆ పండును కంటితో కూడా చూడలేదు.

నాలుగో నెల పెట్టాక బిడ్డ పోయింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు పుణ్యవతికి ఫ్రిజ్‌లో ఆ కవరు దొరికింది. ఆమె గట్టిగా అరవలేదు. కవరు తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది.

"ఏంటి వదినగారూ ఇది?"

"నా కోసం తెచ్చుకున్నా వదినా. పాపకు చూపించను కూడా ల్యా."

"దేని మీద కోశారు?"

ఈశ్వరమ్మ కత్తిపీట వైపు చూసింది. పండు కోసిన మర్నాడు ఆ కత్తిపీట మీదే బీరకాయ తరిగింది, తోటకూర తరిగింది, కూతురికి ముద్దలు కలిపి పెట్టింది.

"ఆ కాయ పాలు అంటుకున్న కత్తితోనే కూరలు తరిగారు. ఇంక తినడం, తినకపోవడం అంటూ వేరే ఉందా?" అంది పుణ్యవతి. ఆ సాయంత్రమే కత్తిపీటను పనిమనిషి భాగ్యమ్మ చేతికిచ్చి బయట పారేయించింది. "కదిరి పెద్దమ్మ చింతపండు పెట్టి తోమింది, నేను చూసిన గద. గిట్లంటరా ఎవరన్న?" అని భాగ్యమ్మ మెట్ల దగ్గర గొణిగింది గానీ, పనిమనిషి సాక్ష్యం ఎవరికి కావాలి! గేటెడ్ కమ్యూనిటీ అంటే గేటున్న ఊరు, అంతే. ఊరికి ఉండే నోరే దానికీ ఉంటుంది. వారం తిరక్కుండా టవర్లన్నిటికీ తెలిసిపోయింది, హరిత వాళ్ళమ్మ బొప్పాయి కోసిన సంగతి.

ఆ తర్వాత కొన్ని వారాలకు డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరినీ పిలిపించింది. బిడ్డకూ, ఇద్దరి రక్తాలకూ చేసిన పరీక్షల ఫలితం వచ్చింది. ఆమె మెల్లగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఉదయ్ క్రోమోజోముల అమరికలో పుట్టుకతోనే ఒకచోట ముక్కలు అటుదిటు, ఇటుదటు అయ్యాయి. దానివల్ల అతనికి ఏ జబ్బూ ఉండదు. కానీ బిడ్డకు ఆ ముక్కలు లెక్క తప్పి చేరితే బిడ్డ నిలవదు. ఇది ఎవరి తప్పూ కాదు. మళ్ళీ ప్రయత్నించవచ్చు, ముందుగా జాగ్రత్తలు ఉన్నాయి.

"తినే పండ్ల వల్ల..." అని హరిత అడగబోయింది.

"పండుకూ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా. ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు," అంది డాక్టరమ్మ. తర్వాత ఉదయ్ వైపు తిరిగి, "మీకు తోబుట్టువులు ఉన్నారా? ఉంటే వాళ్ళూ పెళ్ళయ్యాక ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది," అంది.

కారు పార్కింగులోంచి కదలకుండానే ఉదయ్ స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. హరిత అతని వీపు నిమురుతూ కూర్చుంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి, ఆస్పత్రి సూదులెన్నో తన ఒంట్లో గుచ్చుకున్న మనిషి, ఆ వేళ అతన్ని ఓదార్చింది.

"అమ్మకు చెప్పొద్దు హరితా," అన్నాడు కాసేపటికి. "తట్టుకోలేదు. పైగా ఆమనికి సంబంధాలు చూస్తున్నాం. అన్నకు ఇలా అని బయటికొస్తే ఎవరు చేసుకుంటారు చెప్పు? దాని పెళ్ళవనీ, నేనే కూర్చోబెట్టి అమ్మకు చెప్తాను."

"మరి మా అమ్మో?"

"మీ అమ్మగారు ఎలాగూ ఊరెళ్ళిపోతారు కదా."

ఈ మాటకు హరిత కారు దిగి వెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు. ఏడ్చి వాచిపోయిన అతని మొహం చూసి జాలిపడి, సరేనంది. ఆ సరే ఎంత చిన్న మాట! అప్పట్లో ఆమెకు అది తాత్కాలికంగా అనిపించింది, ఆమని పెళ్ళి దాకా తల్లి కొంచెం మాట పడుతుంది, తర్వాత అంతా తేటపడుతుంది అనుకుంది. తల్లులు ఓర్చుకుంటారని బిడ్డలకు ఉండే ధీమా ఇంతా అంతా కాదు.

ఇంటికి వచ్చేసరికి ఈశ్వరమ్మ నూనె గిన్నె వెచ్చబెట్టి కూర్చుని ఉంది. కూతురి తల ఒళ్ళో పెట్టుకుని నూనె అంటుతూ ఏడ్చింది. హరిత కళ్ళు మూసుకుని పడుకుంది. డాక్టరు ఏం చెప్పిందని తల్లి అడిగితే, "రెస్టు తీసుకోమంది," అంది. ఇంకో పది రోజులకు, పుణ్యవతి ఫోనులో ఎవరికో కత్తిపీట సంగతి చెబుతుండగా విని, ఈశ్వరమ్మ బ్యాగు సర్దుకుంది. "నేనుంటే ఆయమ్మకు నన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తాది పాపా. నేను పోతా," అంది. అప్పటి నుంచి తెల్లాపూర్ గడప తొక్కలేదు.

ఆమని పెళ్ళి జరిగింది. మదీనాగూడలో కాపురం. ఉదయ్ తల్లికి చెప్పలేదు. పండగ వెళ్ళనీ అన్నాడు, అమ్మకు బీపీ తగ్గనీ అన్నాడు. ఆ తర్వాత అసలు ఆ ఊసు ఎత్తితే, "ఇప్పుడు అందరూ మర్చిపోయారు కదా, మళ్ళీ ఎందుకు కెలకడం?" అన్నాడు. మర్చిపోయినవాళ్ళెవరో హరితకు కనపడలేదు. పుణ్యవతి ఇప్పటికీ కూరగాయల బండి మీద బొప్పాయి చూస్తే మొహం తిప్పుకుంటుంది. టవర్లో ఏ కోడలు నెల తప్పినా, "ఇంట్లోకి ఆ పండు రానివ్వకండి, మా ఇంట్లో ఏం జరిగిందో తెలుసుగా," అని చెబుతుంది. ఆ 'మా ఇంట్లో' అన్నప్పుడల్లా హరిత ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

ఈ ఏడాది ఆమనికి నెల తప్పింది. ఇల్లంతా సంబరం. ఆ సంబరంలో హరిత ఒక్కదానికే డాక్టరమ్మ ఆఖరి మాట గుర్తుంది.

"ఆమనికి చెప్పాలి ఉదయ్. ఇది మన విషయం కాదు, దాని బిడ్డ."

"కడుపుతో ఉన్నదాన్ని భయపెడతావా? దానికి ఉండాలని ఏముంది?"

హరిత ఇంక అతన్ని అడగలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి మదీనాగూడ వెళ్ళి, ఆమనిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పింది. ఆమని మొదట కోప్పడింది, తర్వాత భయపడింది, చివరికి వదిన చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది. ఆమనికీ అదే ఉందని తేలింది. అదృష్టం బాగుండి బిడ్డకు మాత్రం అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆ కబురు తెలిసిన రోజు ఆమని హరితను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నువ్వు చెప్పకపోతే ఏమయ్యేదో వదినా! ముందు ముందు కూడా నాకు తెలిసేది కాదు కదా. జన్మలో మర్చిపోను."

హరితకు చాలా కాలానికి మనసు కుదుటపడింది. ఇప్పుడు తను ఒక్కతే కాదు, ఇంటి ఆడపిల్ల కూడా తన పక్కన ఉంది. కళ్ళు తుడుచుకున్న ఆమని, గొంతు తగ్గించి, "కానీ వదినా, అమ్మకు చెప్పకు. మా అత్తగారి చెవిన పడితే నా బతుకు ఏమవుతుందో నీకు తెలుసుగా," అంది. హరిత తల ఊపింది గానీ, ఆ ఊపు ఒప్పుకోలు కాదని తనకు తనే చెప్పుకుంది.

సీమంతం కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో. పిలుపులు జరుగుతున్నప్పుడు పుణ్యవతి కోడలి పక్కన కూర్చుని, "మీ అమ్మగారికి అంత దూరం ప్రయాణం శ్రమ కదా హరితా. బట్టలు పెట్టి పంపిద్దాంలే," అంది. ఎంత మర్యాదగా అందంటే, దానికి జవాబు చెప్పడానికి కూడా సందు లేదు.

ఆ వారమే ఆఫీసులో టీము లీడరు ప్రవీణ హరిత బల్ల దగ్గర ఆగింది. "ఫ్రూట్స్ అన్నీ అయిపోయాయి, పపాయ ఒక్కటే పెండింగ్ ఉంది హరితా. శుక్రవారానికి క్లోజ్ చేద్దామా?" హరిత చేద్దామంది. ఆ మధ్యాహ్నం కూర్చుని రాసింది. ఫ్రాంకులు, ఫిరంగులు, రోగం, మందు, ఓడలు అన్నీ రాసి, కదిరి ప్రాంతంలో దీన్ని పరంగి అంటారని రాసి, ఆగింది. ఇంకో అర్థం ఉందని రాయడానికి ఆ నాలుగు ముక్కల్లో చోటు లేదు. ప్రవీణ చదివి రోగమూ ఫిరంగీ తీసేసింది. "తినేదాని దగ్గర జబ్బులెందుకు? పరంగి అంటే దూరదేశం నుంచి వచ్చిన అతిథి అని పెడదాం, పాజిటివ్‌గా ఉంటుంది," అంది. హరిత వాదించలేదు. పరాయివాడు ఒక్క దెబ్బతో అతిథి అయిపోయాడు.

శుక్రవారం సాయంత్రం సీమంతం. ఆమని ఆకుపచ్చ పట్టుచీరలో కుర్చీలో కూర్చుంది, చేతుల నిండా గాజులు. అలంకరణకు పిలిచిన కుర్రకారు పళ్ళను రకరకాలుగా చెక్కి పెట్టారు. పుచ్చకాయ పువ్వు, ద్రాక్షల నెమలి, వాటి మధ్య పండిన బొప్పాయిని హంసలా చెక్కి ఆమని ఎదురుగానే నిలబెట్టారు. పుణ్యవతి కంట పడిందది.

"ఎవరు పెట్టారిది? తియ్యండి, తియ్యండి ముందు!" అంటూ పరుగెత్తుకొచ్చింది. వాళ్ళు కంగారుగా హంసను ఎత్తుకుపోయారు. పక్క టవర్ వసంత, "ఏమైంది పిన్నిగారూ?" అని అడిగింది. ఇంకేం, పుణ్యవతి మొత్తం చెప్పింది. వియ్యపురాలు, ఫ్రిజ్, కత్తిపీట. "పాపం పల్లెటూరి మనిషి, కావాలని చేసిందని అనను. కానీ మా మనవణ్ణి పొట్టన పెట్టుకుంది," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అయ్యో అన్నారు.

హరిత చేతిలో కుంకుమ భరిణ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యగారూ, మా అమ్మ నాకేం పెట్టలేదు. బిడ్డ ఎందుకు నిలవలేదో డాక్టరుగారు అప్పుడే చెప్పారు. అది పండు వల్ల కాదు, కత్తిపీట వల్ల కాదు. మన రక్తంలో ఉంది. ఉదయ్‌కి తెలుసు. ఆమనికి కూడా తెలుసు."

పుణ్యవతి కొడుకు వైపు తిరిగింది. ఎవరినీ నొప్పించని ఉదయ్ ముందు తల్లిని చూశాడు, తర్వాత చెల్లెలి అత్తగారిని చూశాడు.

"తనింకా ఆ బాధలోంచి బయటికి రాలేదమ్మా," అన్నాడు. "ఇవాళ ఇదంతా చూసేసరికి గుర్తొచ్చినట్టుంది."

"ఏమే ఆమనీ, నీకేం తెలుసు?"

ఆమని గాజులు సర్దుకుంది. ఒక్కో గాజునూ వెనక్కి తోసింది, మళ్ళీ ముందుకు తెచ్చుకుంది. "నాకేం తెలుస్తుందమ్మా," అంది తల ఎత్తకుండా.

పుణ్యవతి కోడలి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో నిజమైన జాలి ఉంది, హరితను అన్నిటికంటే ఎక్కువ మండించింది అదే. "తల్లిని కాపాడుకోవాలనుకోవడం తప్పు కాదు హరితా. కానీ ఆ నెపం మా రక్తం మీద వెయ్యకు," అంది మెత్తగా.

హరిత బయటికి వచ్చింది. ఈతకొలను పక్కన పిల్లలు గోల చేస్తున్నారు. లోపలివాళ్ళు నమ్మకపోతే పోనీ, నమ్మవలసిన మనిషి ఒకరున్నారు. ఫోను తీసి తల్లికి కలిపింది.

"ఏం పాపా, ఈ పొద్దు మీ ఇంట్లో సీమంతం కదా. ఇప్పుడు ఫోన్ చేసినావేంటికి?"

హరిత ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. చెబుతుంటే గుండె తేలికవుతున్నట్టే అనిపించింది.

"అట్లయితే ఈలపీట..." అంది ఈశ్వరమ్మ.

"దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా."

"నేను కడిగినానో లేదో అని పాపా. రోజూ కూరాకు తరిగేటప్పుడు అదే గుర్తొస్తాది. చింతపండు ఏసి తోమినట్లే ఉంటాది, మళ్ళా తోమలేదేమో అనిపిస్తాది. మీ నాయన పటం ముందర నిలబడి ఎన్నిసార్లు చెప్పుకుంటినో, నా చేత్తో నేనే బిడ్డను తీసేస్తినని."

లోకం తల్లిని తప్పుపట్టిందనే హరిత ఇన్నాళ్ళూ బాధపడింది. తల్లి కూడా లోకంతో చేరి తనను తాను తప్పుపట్టుకుంటుందని ఒక్కసారి కూడా తోచలేదు. సీమ మనిషి, గట్టి మనిషి, తప్పు తనది కాదని అమ్మకు తెలుసు కదా అనుకుంది.

"నీకెప్పుడు తెలిసె?" అంది ఈశ్వరమ్మ.

"అప్పుడేనమ్మా. డాక్టరు పిలిచిన రోజు."

"ఆ పొద్దు నేను నీ తలకు నూనె పెడతాంటి."

"అవునమ్మా."

"నేను ఏడుస్తాంటి."

హరిత ఏదో చెప్పబోయింది. ఉదయ్ గురించి, ఆమని పెళ్ళి గురించి, తర్వాత చెబుదామనుకున్న సంగతి గురించి. ఏది మొదలుపెట్టినా అది ఉదయ్ మాటలాగే వినిపిస్తుందని ఆమెకు తెలిసింది. "సరే పో, లోపల మనుషులుంటారు. ఎదురు చూస్తాంటారు," అని ఈశ్వరమ్మ ఫోను పెట్టేసింది.

మర్నాడే హరిత కదిరి వెళ్ళింది. ఉదయ్ ఆపలేదు, వస్తాననీ అనలేదు. ఈశ్వరమ్మ వాకిట్లోకి వచ్చి కూతురి చేతిలోంచి బ్యాగు అందుకుంది. లోపల కుర్చీ తుడిచి వేసింది. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, గ్లాసును పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఓబులేసు బతికి ఉన్న రోజుల్లో పై అధికారి ఎవరైనా ఇంటికి వస్తే అలా తెచ్చేది. హరిత ఆ గ్లాసు తీసుకోలేక అలాగే చూస్తూ కూర్చుంది.

"నీళ్ళు తాగు హరితా," అంది ఈశ్వరమ్మ.

పుట్టిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆమెను పాపా అని తప్ప ఇంకో పేరుతో ఎవరూ పిలవలేదు. ఈశ్వరమ్మ ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఫోనులో మాట్లాడుతుంది. తిన్యావా అంటుంది, ఆఫీసు ఎట్లుండాది అంటుంది, జ్వరమొస్తే మిరియాల కషాయం తాగమంటుంది. పిలవడం మాత్రం హరితా అనే పిలుస్తుంది, అచ్చం పుణ్యవతి పిలిచినట్టే.